కోమలమ్మ గారి ఫోటో

ఒక పాత ఫోటో వల్ల నా ఉద్యోగమూ, పరువూ, మోకాళ్ల పటుత్వమూ ఒకే సాయంత్రం పోబోయిన సంగతి చెబుతాను. చదువుతూ మీరు నవ్వుకుంటే నాకేమీ అభ్యంతరం లేదు. ఇన్నేళ్లకు నేనూ కాస్త నవ్వగలుగుతున్నాను. ఆ సాయంత్రం మాత్రం పారిపోవడానికి దారి వెతుక్కున్నాను.

అప్పటికి రాయపూర్ ఇంకా మధ్యప్రదేశ్‌లోనే ఉండేది. స్టేషన్ అవతల రైల్వే కాలనీలో మా తెలుగువాళ్ల ఇళ్లు వరసగా ఉండేవి. అందరూ శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి వాల్తేరు పాసింజరు పట్టుకుని ఒకరి వెనక ఒకరు వచ్చి దిగినవాళ్లే. ఇంట్లో తెలుగు, గుమ్మం దాటితే హిందీ, కూరగాయల బండి దగ్గర ఛత్తీస్‌గఢీ. నేను వ్యాగన్లు బాగుచేసే షెడ్డులో కొత్తగా చేరిన గుమాస్తాని. ఉద్యోగం ఇంకా పక్కా కాలేదు. పక్కా చేస్తూ సంతకం పెట్టవలసినవారు ఫోర్మన్ సన్యాసిరావు గారు.

ఆయన్ని మీకు సరిగ్గా పరిచయం చేయాలి, లేకపోతే నా భయం మీకు ఎక్కదు. షెడ్డులోకి ముందు ఆయన మీసం వచ్చేది, తర్వాత పొట్ట, ఆ తర్వాత మిగతా ఆయన. సిమెంటు గచ్చు మీద ఆయన బూట్ల చప్పుడు వినబడితే సమ్మెటలు కొట్టేవాళ్లు కూడా చప్పుడు తగ్గించి కొట్టేవాళ్లు. ఆయన ఎవర్నీ తిట్టగా నేను వినలేదు. ఊరికే చూసేవారు. ఒకసారి నేను టైపు చేసిన కాగితంలో తప్పు దొర్లితే అలాగే చూశారు. ఇంటికెళ్లి అన్నం ముందు కూర్చున్నాక కూడా ఆ చూపు నా కంచంలోనే ఉంది.

ఆ ఏడు మా తెలుగు సంఘం వార్షికోత్సవం వచ్చింది. సంఘం సెక్రటరీ పట్నాయక్ గారు ఈసారి ఏదైనా కొత్తగా చేద్దామన్నారు. కుర్రతనం కదా, నేను లేచి, మనవాళ్లు ఇక్కడికి ఎలా వచ్చారో, ఎలా బతికారో పాత ఫోటోలతో ఒక ప్రదర్శన పెడదామన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. చప్పట్లు కొట్టినవాళ్లెవరూ తర్వాత నాతో రాలేదు, అది వేరే సంగతి.

ఇల్లిల్లూ తిరిగాను. ట్రంకు పెట్టెల అడుగున, దేవుడి పటాల వెనక, బియ్యం డబ్బాల మీద పరిచిన కాగితాల కింద నుంచి ఫోటోలు బయటికొచ్చాయి. కొత్త సైకిల్‌ను పెళ్లికూతురిలా పట్టుకుని నిలబడ్డ ఖలాసీ. టార్పాలిన్ పందిరి కింద జరిగిన పెళ్లి. గూడ్సు బండి మెట్ల మీద వరసగా కూర్చుని ఎండకి కళ్లు చికిలించిన పిల్లలు. ఒక్కో ఫోటో చేతికి తీసుకున్నాక ఆ ఇంటివాళ్లు నన్ను మర్చిపోయేవారు. పొయ్యి మీద టీ పొంగిపోయేది. ఎవరో బాబాయి, ఎవరో అత్త, ఎప్పుడో వదిలి వచ్చిన ఊరు, అంతా ఆ అరచేతి వెడల్పు అట్టముక్కలో ఉండేది. వారం తిరిగేసరికి నన్ను నేనే పెద్ద చరిత్రకారుణ్ణనుకోవడం మొదలుపెట్టాను. అసలు ప్రమాదం అక్కడే మొదలైంది.

కాలనీ చివర పరదేశమ్మ అని ఒక మామ్మ ఉండేది. మా అందరికన్నా ముందు ఇక్కడికి వచ్చిన మనిషి. రెండు కళ్లలోనూ శుక్లాలు. ఆమె పెట్టెలో ఒక ఫోటో దొరికింది. కుర్చీలో కూర్చున్న యువతి. చెంపకు చెయ్యి ఆనించి, ఎక్కడికో దూరంగా చూస్తోంది. విశాలమైన కళ్లు, ముక్కుకు బులాకీ, పెదవి చివర చిన్న విచారం. వెంటనే పేరు కోసం తిప్పి చూశాను. వెనక పేరు లేదు. మామ్మకు చూపిస్తే కళ్ల దగ్గర పెట్టుకుని, దూరం పెట్టుకుని, మసగ్గా ఉంది, ఎలా ఉంటుందో చెప్పమంది. చెప్పాను.

"పెద్ద కళ్లా? బులాకీ ఉందా? అయితే మా కోమలే నాయినా" అంది మామ్మ. "మనోల్లలో ఈ గడ్డ మీద మొదట పొయ్యి ఎలిగించింది అదే. పురిట్లో పోయింది పిచ్చిముండ."

ఆ తర్వాత చాలాసేపు కోమలమ్మ గురించి చెప్పింది. కొత్తగా బండి దిగి ఎక్కడికెళ్లాలో తెలియని కుర్రాళ్లను కోమలమ్మ ఇంటికి పిలిచి గంజి పోసేదట. కులం అడిగేది కాదట, ఊరు మాత్రం అడిగేదట. నేను ఫోటో జేబులో పెట్టుకుని, కళ్లు తుడుచుకుంటూ బయటికొచ్చాను. ఇంకొకర్ని అడిగి రూఢి చేసుకోవాలని నాకు తట్టలేదు. చరిత్రకారుడికి ఆ ముఖం చూశాక సాక్ష్యం ఎందుకు?

జయస్తంభ్ చౌక్ దగ్గర స్టూడియోలో దాన్ని నిలువెత్తున పెద్దది చేయించాను. స్టూడియో అతను తన వంతుగా పెదవులకు కాస్త రంగు కూడా వేశాడు. కింద నా చేతివ్రాతతో ఇలా రాశాను: "స్వర్గీయ శ్రీమతి కోమలమ్మ గారు. రాయపూర్ తెలుగువారి తొలి అన్నదాత. ఆ చూపులోని మాతృత్వాన్ని గమనించండి." గంధపు దండ తెచ్చాను. పట్టు తెర కట్టించాను. తెర ఎవరు తీయాలన్న ప్రశ్న వచ్చినప్పుడు, నా ఉద్యోగం కాగితం మీద పడవలసిన సంతకం సంగతి మనసులో పెట్టుకుని, ఫోర్మన్ గారైతే బాగుంటుందని నేనే అన్నాను. దయచేసి ఈ మాట గుర్తుపెట్టుకోండి. నన్ను ఎవరూ గోతిలోకి తొయ్యలేదు. గొయ్యి నేనే తవ్వి, మెట్లు కట్టుకుని దిగాను.

వార్షికోత్సవం రోజు సాయంత్రం, ఒకప్పుడు ఇదే షెడ్డులో పనిచేసి ఊరెళ్లిపోయిన మా నాన్న పాసింజరు దిగి, చేతిసంచీతో సరాసరి సంఘం హాలుకే వచ్చాడు. జనం అప్పుడప్పుడే చేరుతున్నారు. నాన్నకు నా ఘనత చూపించాలనిపించి, వేదిక పక్కకు తీసుకెళ్లి పట్టు తెర కొంచెం ఎత్తాను.

నాన్న చూశాడు. సంచీ కింద పెట్టాడు. పక్కనున్న కుర్చీలో కూర్చుని, చప్పుడు లేకుండా, భుజాలు ఎగిరిపడేలా నవ్వడం మొదలుపెట్టాడు. కళ్లనీళ్లు తుడుచుకుంటూ అడిగాడు.

"ఒరే, ఈ సన్నాసిగాడి ఫోటో నీకెక్కడ దొరికిందిరా?"

ఏ సన్నాసి అని అడిగాను. 

"మీ ఫోర్మనే. ఆ రోజుల్లో మేం ఇక్కడ నాటకాలాడేవోళ్లం కదా, సామానంతా పరదేశమ్మింట్లో పడేసేవోళ్లం, ఆడవేషాలన్నీ ఆడివే. అప్పుడాడికి మీసం లేదు, నడుముండేది. ఆడు నడిచొస్తంటే టికెట్ కలెక్టర్లు కూడా లేచి నిలబడేవోరు. ఫోర్మన్ అయ్యాక, ఈ మాట ఎవడైనా ఎత్తితే సంపేస్తానన్నాడు. అప్పటోల్లందరూ బదిలీల మీద ఎల్లిపోయారు. తెలిసినోణ్ని నేనొక్కణ్నే మిగిలాను, నోరు మూసుకుని." అప్పుడు నాన్న కింద రాసింది చదివాడు. నవ్వు ఆగిపోయింది. "స్వర్గీయ అని రాసేవేటిరా?"

భయం ఎలా ఉంటుందో మీకు ఒకవేళ తెలియకపోతే, నేను చెబుతాను. మొదట చెవుల్లో రైలు కూత వినబడుతుంది. తర్వాత అరచేతులు తడుస్తాయి. ఆ తర్వాత కాళ్లు మన మాట వినడం మానేస్తాయి. ఆ కాళ్లనే ఈడ్చుకుంటూ పట్నాయక్ గారి దగ్గరికెళ్లి, కోమలమ్మ గారి ఫోటో వద్దు, తీసేద్దామన్నాను. ఆయన లౌడ్ స్పీకరు వాడితో హిందీలో పోట్లాడుతున్నారు. కారణం అడిగారు. కారణం చెబితే సభ అయ్యేసరికి కాలనీ మొత్తానికి తెలుస్తుంది, తెల్లారేసరికి నేనుండను. ఫోటోలో కళ్లు బాగా రాలేదన్నాను. "అరే, పిచ్చోడా, కళ్లే కదా బాగున్నాయి" అని ఆయన మళ్లీ లౌడ్ స్పీకరు వైపు తిరిగారు.

మిగిలింది ఒకటే దారి. వేదిక ఎక్కి, తెర వెనక చెయ్యి పెట్టి ఫోటోని గోడ వైపు తిప్పేద్దామని చూశాను. స్టూడియో అతను దాన్ని బల్లకు మేకులు దిగ్గొట్టి మరీ బిగించాడు. నేను లాగుతున్నాను, బల్ల కిర్రుమంటోంది. అప్పుడు వెనక బూట్ల చప్పుడు వినబడింది.

"ఏటి సేస్తన్నావక్కడ?"

దండ సర్దుతున్నానండి అన్నాను. 

"సర్దింది సాలు. దిగు."

దిగాను. ముందు వరసలో ఫోర్మన్ గారి భార్య అప్పలనర్సమ్మ గారు, కూతుళ్లు, కొత్త అల్లుడు కూర్చుని ఉన్నారు. అల్లుణ్ణి చూశాక నా భయానికి ఇంకో అంతస్తు లేచింది. మామగారి ముఖం అల్లుడు అప్పటికే బాగా చూసి ఉంటాడు కదా. నేను నాన్న పక్కన గోడకు ఆనుకుని నిలబడ్డాను. నాన్న పైకప్పులో ఫ్యాన్ల వైపు భక్తిగా చూస్తున్నాడు. పారిపోదామా అంటే తలుపు దగ్గర జనం.

పట్నాయక్ గారు కోమలమ్మ గారి త్యాగం గురించి నేను రాసిచ్చినదంతా చదివారు. ఫోర్మన్ గారు లేచి తెర తాడు లాగారు.

హాలంతా అబ్బా అని మెచ్చుకుంది. వెనకెవరో లక్ష్మీకళ అన్నారు. ఫోర్మన్ గారు మాత్రం తాడు చేత్తో పట్టుకుని అలాగే ఉండిపోయారు. ఆయన మెడ వెనక భాగం నాకు కనబడుతోంది. అది మెల్లిగా ఇటుక రంగుకు తిరిగింది. వంగి కింద రాసినదంతా చదివారు. మాతృత్వం దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగారని నాకనిపించింది. తర్వాత తల తిప్పి, అంత మందిలోనూ నన్ను వెతికి పట్టుకుని, చూశారు. నేను మనసులోనే ఉద్యోగానికి రాజీనామా రాసి, పాసింజరెక్కి, మా ఊళ్లో దిగి, పొలం దున్నడం మొదలుపెట్టాను.

ఆయన మైకు ముందుకొచ్చారు.

"కోమలమ్మని నేనెరుగుదును" అన్నారు. షెడ్డులో వినబడే గొంతు కాదది. "నేనీ ఊరొచ్చినప్పుడు ప్లాట్‌ఫారం మీద పడుకునేవోణ్ని. హిందీ ముక్క రాదు. ఆవిడ పిలిచి గంజి పోసింది. ఏ ఊరు నాయినా అనడిగింది. ఊరి పేరు సెప్పగానే నాకు ఏడుపొచ్చేసింది. ఏడవనిచ్చింది. ఇంకో గ్లాసు పోసింది." ఫోటో వైపు తిరిగారు. "ఆవిడ పోయిన రోజు మేం ఖలాసీలమే మోసుకెళ్లాం. ఆవిడ ఈ ఫోటోలో ఉన్నదానికన్నా నలుపు. దీనికన్నా అందంగా ఉండేది."

పరదేశమ్మ మామ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఫోర్మన్ గారు గంధపు దండ తీసి, తన ఫోటోకి తానే వేసి, ఆ తల్లి ఆత్మశాంతికి అందరం ఒక నిమిషం మౌనం పాటిద్దామన్నారు. హాలంతా లేచి నిలబడింది. నేనూ తల వంచుకున్నాను. ఫోర్మన్ గారు బులాకీతో పటంలోనూ, మీసంతో పటం ముందూ ఉంటే, మధ్యలో కోమలమ్మ కోసం మౌనంగా నిలబడిన ఆ నిమిషం నవ్వాలో ఏడవాలో తెలియక నా చెంప లోపల కొరుక్కున్నాను. రక్తం వచ్చింది.

సభ అయ్యాక ఆయన నా భుజం మీద చెయ్యి వేశారు. ఆ చెయ్యి బరువుకు ఒక పక్కకు ఒరిగాను.

"ఆవిడకి ఫోటో అంటూ లేదురా. ఇదే ఉండనీ" అన్నారు నెమ్మదిగా. "ఎవలిదని ఇంకొకడికి తెలిసిందో..."

  తెలియదండి, తెలియనివ్వనండి, నాకే తెలియదండి అన్నాను. ఆయన మీసం చివర చిన్నగా కదిలింది, నవ్వేమో.  బతికిపోయాననుకున్నాను.

అప్పటికి జనం పలచబడ్డారు. అప్పలనర్సమ్మ గారు మాత్రం ఫోటో ముందు నిలబడి ఉన్నారు. కళ్లజోడు తీసి తుడిచి, మళ్లీ పెట్టుకుని, ఫోటో దగ్గరకెళ్లి చూస్తున్నారు. ముఖం వైపు కాదు, కిందికి. తర్వాత నన్ను పిలిచారు.

"బావూ, ఈ తల్లెవరో నాకు తెలీదు. సీర మాత్రం నాది."

ఫోర్మన్ గారి చెయ్యి నా భుజం మీద నుంచి జారిపోయింది. చీరలన్నీ ఒకేలా ఉంటాయి కదండీ అని నేను గొణిగాను.

"కుచ్చిళ్ల కాడ ఆ కాలిన మచ్చ కూడా ఒకేలాగుంటాదా? నా పెళ్లిలో హారతి తగిలి కాలింది. నేను పురిటికెళ్లి వచ్చేసరికి పెట్లో సీర లేదు. మా ఆడబిడ్డే తీసిందని ఇన్నేళ్లూ దాని మొహం సూడలేదు." ఆవిడ గొంతు ఎత్తలేదు. భర్త వైపు తిరిగి, ఆయన ముఖం ఒకసారి, ఫోటోలో ముఖం ఒకసారి, నెమ్మదిగా, శ్రద్ధగా చూశారు. ముఖ్యంగా కళ్లు చూశారు.

అప్పుడు నేను జీవితంలో మళ్లీ చూడనిది ఒకటి చూశాను. ఫోర్మన్ సన్యాసిరావు గారు భయపడ్డారు. నేను పడ్డ భయమే, అదే వరసలో, ముందు చేతులు, తర్వాత మోకాళ్లు. సాయం కోసం నా వైపు చూశారు. నేను పైకప్పులో ఫ్యాన్ల వైపు చూశాను.

"ఇంటికి పదండి" అన్నారావిడ.

ఆయన వెళ్లారు. బూట్లు వేసుకునే వెళ్లారు గానీ చప్పుడే రాలేదు.

ఆ రాత్రి ఆ ఇంట్లో ఏం జరిగిందో ఎవరికీ తెలియదు. మర్నాడు ఆయన నా కాగితం మీద తలెత్తకుండా సంతకం పెట్టేశారు. ఆ నెలలోనే, చీర తీసిందని నింద మోసిన ఆయన చెల్లెలుగారు పార్వతీపురం నుంచి వచ్చి, వదినగారి ఇంట్లో పండగలా పది పూటలు ఉండి వెళ్లారు. వెళ్లేటప్పుడు అన్నగారి ఖర్చుతో కొన్న రెండు పట్టుచీరలు కూడా వెళ్లాయి.

ఇక నా ప్రమాణం. చరిత్ర మీద ఆన, ఇకముందు ఏ పాత ఫోటోలోనైనా చీర కట్టుకున్న మనిషి కనబడితే, ఆ చీర ఎవరిదో, ఏ పెట్టెలోంచి వచ్చిందో, ఆ పెట్టె యజమానురాలు ప్రస్తుతం ఏ వరసలో కూర్చుని ఉందో కనుక్కోకుండా, కింద ఒక్క అక్షరం కూడా రాయను.