దూడ పాలు

రాజుగారి రోజుల్లో, మా ఆయన బతికుండగా, కోంటలో మా పశువులు మేపిన దొర్ల తెగ ఆమె పాలు ముట్టేది కాదు. పాలు దూడవే అంటారు వాళ్ళు. నేను ఆవును పిండుతుంటే మొహం అటు తిప్పుకొని, కట్టేసిన దూడ మెడ నిమిరేది. మేం నెయ్యి కాచి అమ్మేవాళ్ళం. దూడకు గంజి పోసేదాన్ని.

“సావుకారమ్మా, తల్లి ఉండంగ దీనికి గంజేంది?”

“నువ్వు తాగుతలేవా? నీకేమైందే?” అని నవ్వేదాన్ని.

నాకు కొడుకు పుట్టాడు, పాలు పడలేదు. అడక్కుండానే ఆమె తన చంటిపిల్లను దించి, నావాడిని రొమ్ముకు ఆనించుకుంది. ఆ పిల్లకని నేను గిన్నెడు ఆవుపాలు ఇచ్చాను.

“ఇవి దీనియి కావమ్మా,” అని ఆ గిన్నె దూడ ముందు పెట్టింది.

నావాడు కడుపు నిండి నిద్రపోయాడు. ఆమె తన పిల్లకు మా ఇంటి గంజే పట్టింది.