టైలరక్క ఇచ్చిన చిన్న సన్నాసి

టైలరక్క పోయింది. మొయినాబాద్‌లో మా పక్క పోర్షన్‌లో కుట్టుమిషన్ పెట్టుకుని బతికిన మనిషి. చేవెళ్లలో నేను పనిచేసే మందుల షాపుకు ఫోన్ వచ్చింది. పొద్దున చాయ్ తాగుతూ కూర్చున్నచోటే గుండె ఆగిందట. పోవడం ఎవరి చేతిలోనూ లేదు, అంతవరకే అయితే ఏడ్చి ఊరుకునేదాన్ని. కానీ ఆమె పోయాక ముడిమ్యాలలో, ఆమె అత్తగారింటి ముందు జరిగింది తలుచుకుంటే ఇప్పటికీ ఒళ్లు మండిపోతోంది. ఇందులో ఏడుపు తక్కువ, కోపం ఎక్కువ ఉంటుంది. ఏమీ అనుకోకండి.

భర్త పోయాక ఆమె ముడిమ్యాల వదిలి మొయినాబాద్ వచ్చింది. నోరు మహా గట్టిది. జాకెట్టు బిగువైందని ఎవరైనా వస్తే "గుడ్డ గుంజుకపోలే, నువ్వే లావైనవ్" అని మొహం మీదే అనేది. సాయంత్రానికి అదే జాకెట్టు విప్పి, వదులు చేసి, వాళ్లింటికి తీసుకెళ్లి మరీ ఇచ్చేది.

మిషన్ బల్ల మీద బొటనవేలంత మట్టి బొమ్మ ఉండేది. గుండు, మూసిన కళ్లు, జోడించిన చేతులు, మెడలో ఎర్రగుడ్డ. మహిళా సంఘం వాళ్లతో నాగార్జునసాగర్ పోయినప్పుడు కొన్నది. బుద్ధుని దారిలో నడిచిన సన్నాసి అనీ, ప్రయాణం చేసేవాళ్లకూ, పసితనంలోనే పోయిన పిల్లలకూ తోడుంటాడనీ అమ్మినతను చెప్పాడట. ఆ రెండో మాటకు ఆమె అక్కడే కూలబడింది. ఆమె బిడ్డ పురిట్లోనే పోయింది, పేరు కూడా పెట్టలేదు.

"నా బిడ్డ ఒక్కతే ఎట్ల పోయిందో అని ఇన్నేండ్ల సంది ఫికర్ ఉండె. తోడు ఒకలున్నరంటే జర నిద్ర పడుతున్నది" అని నాతో చెప్పింది.

ఆ తర్వాత సాగర్ ఎవరు పోతున్నా ఆమెది ఒకటే మాట. "నాకు మిఠాయిలు గిఠాయిలు తేకుండ్రి, సన్నాసులను తెండ్రి." మిగిలిన ముక్కలతో వాటికి ఎర్రగుడ్డలు కుట్టి, ప్రయాణం ఉన్నవాళ్లకల్లా ఇచ్చేది. ఆటో నడిపేవాళ్లకు, హాస్టల్‌కు పోయే పిల్లలకు, పట్నం దవాఖానకు పోయేవాళ్లకు. నేను చేవెళ్లలో పనికి చేరిన రోజు నాకూ ఒకటి ఇచ్చింది. దండం పెట్టబోతే చేయి మీద కొట్టింది.

"మొక్కకు. దేవుడు గాదు, తోడు. సంచిల ఏస్కో, గంతే."

ఎవరినైనా తిట్టాలంటే ముందు బల్ల మీది బొమ్మను గోడవైపు తిప్పేది. "జర అటు చూడయ్యా, నేను నాలుగు మాటలనాలె" అనేది. తిట్టడం అయ్యాక మళ్లీ రోడ్డువైపు తిప్పేది. పండగ ముందు రోజుల్లోనైతే పాపం ఆయన గోడనే చూస్తూ ఉండేవాడు.

ఇలాంటి మనిషిని నేను ముడిమ్యాల వెళ్లేసరికి గొడ్ల కొట్టం పక్కన, ఎండలో, చాప మీద పడేశారు. దగ్గర ఒక్క ఆడమనిషి లేదు.

ఏం జరిగిందంటే, మొయినాబాద్ నుంచి శవంతోపాటు తెచ్చిన ట్రంకుపెట్టెను ఆమె మరిది తెరిచాడు. పంచగా మిగిలిన సన్నాసులు కనబడ్డారు. మట్టి బొమ్మలు, ఎర్రగుడ్డలు, పక్కనే సూదులు. టైలర్ పెట్టెలో సూదులు కాక గడ్డపారలు ఉంటాయా? అతను మాత్రం "బాణామతి" అన్నాడు. చేతబడికి మా వైపు ఆ పేరు. ఆ మాట ఒక్కటి చాలు. స్నానం చేయించొద్దు, ఇంటి ముందు ఉంచొద్దు, గబగబా గుంత తీసి పూడ్చేయాలి అన్నారు. బొమ్మలన్నిటినీ రోకలితో పలగ్గొట్టారు.

సిగ్గుండాలి. ఆమె ఇచ్చిన బొమ్మను ఆటో అద్దం దగ్గర పెట్టుకుని తిరిగేవాడు అక్కడే నిలబడి నేల చూస్తున్నాడు. ఆమె కుట్టిన జాకెట్లు తొడుక్కున్నవాళ్లే మూతికి కొంగు అడ్డం పెట్టుకుని దూరం జరిగారు.

నా సంచిలోంచి బొమ్మ తీసి మరిది మొహం ముందు పెట్టాను. "ఇగో, నా దగ్గర గూడ ఉన్నది. నన్ను గూడ కొట్టం కాడ పండవెట్టు!"

"నీకెందుకక్కా ఈ లొల్లి? పిల్లలున్న ఇల్లు మాది" అన్నాడు.

"ఆమె బిడ్డ పుట్టింది గూడ గీ ఇంట్లనే!" అని అరిచాను. ఎవరూ కదలలేదు.

అప్పుడు అరుగు మీంచి ఆమె అత్త లేచింది. నడుము వంగిన ముసలమ్మ, పొద్దుటినుంచీ నోరు విప్పలేదట. బొడ్లో దోపుకున్న సంచి తీసి విప్పింది. తమలపాకుల మధ్యలోంచి ఒక సన్నాసి బయటికొచ్చాడు.

"కండ్ల ఆపరేషన్‌కు పోయిననాడు ఇచ్చింది. గప్పటిసంది నాతోనే ఉన్నడు. నాకేమన్న పురుగులు పడ్డయారా?" అని కొడుకును అడిగింది. "పో, నీళ్లు కాగవెట్టు" అంది. అతనే పోయి పొయ్యి ముట్టించాడు.

నేనూ ఆ అవ్వా కలిసి స్నానం చేయించాం. ఆ తర్వాత ఆడవాళ్లు ఒక్కొక్కరే బిందెలు పట్టుకుని వచ్చారు. నేను వాళ్లతో మాట్లాడలేదు, ఇప్పటికీ మాట్లాడటం లేదు. అవ్వ తన బొమ్మను కోడలి అరచేతిలో పెట్టి, బిగుసుకున్న వేళ్లను దాని మీదికి వంచింది.

"గట్టిగ వట్టుకో బిడ్డా. ఎవ్వడు గుంజుకుంటడో నేను జూస్త."

పాడె లేచింది. అవ్వ కర్ర పట్టుకుని దానికి ముందు నడిచింది. నాలుగడుగులు వేసి ఆగుతుంది, ఊపిరి తీసుకుంటుంది, మళ్లీ కదులుతుంది. గబగబా పూడ్చేయాలన్న మగవాళ్లకు ఆమెను దాటి పోయే ధైర్యం లేదు. అవ్వ ఆగిన ప్రతిసారీ వాళ్లూ ఆగారు, టైలరక్కను భుజాల మీద మోస్తూ, నడి ఎండలో.