చప్పుడు లేని వీడియో

పాతపట్నంలో పిండి మర నడిపే గిరిబాబుకి సినిమా పిచ్చేమీ లేదు. ఎప్పుడైనా తీరిక దొరికితే టెక్కలి బస్సెక్కి మాట్నీ చూసొస్తాడు, అంతే. కాకపోతే చూసొచ్చాక మరకొచ్చిన ప్రతివాళ్ళకీ ఆ సినిమా మీద తన తీర్పు వినిపించాలి. మర హోరులో గొంతు చించుకుని మరీ వినిపిస్తాడు.

ఈమధ్య వస్తున్న ఉత్కంఠ సినిమాలంటే అతనికి చిరాకు. "తలుపెనకాల ఎవుడున్నాడో సగం సినిమా దాకా సెప్పడు. బేగి తలుపు తీస్తే అందరం ఇంటికెల్లిపోదుం గదా!" అనేవాడు. యుద్ధం సినిమాలైతే ఇష్టం. బాంబు పడితే కుర్చీ అదరాలి, పక్కవాడి చేతిలో పాప్‌కార్న్ ఒలికిపోవాలి.

ఆ వేసవిలో చూసిన మంచుకొండల సినిమా అతనికి తెగ నచ్చింది. అందులో శత్రువులు మన బంకర్ పేల్చేస్తారు. మంటల్లోంచి ఒక స్టీలు టిఫిన్ కేరేజీ బయటపడి, మంచు వాలులో దొర్లుకుంటూ పోతుంది. గిరిబాబు ఈల వేశాడు గానీ, మర్నాడు మరలో ఆ కేరేజీనే పట్టుకున్నాడు. "మెత్తటి మంచులో కేరేజీ అంత దూరం దొర్లతాదేటి? దిగడిపోదూ?" అని ఎరువుల కొట్టు దాలయ్యతో వాదించాడు. ఇద్దరూ పక్కపక్క సీట్లలో కూర్చుని చూసిన సినిమా అది.

కొన్నాళ్ళకి సరిహద్దులో నిజంగానే కాల్పులు మొదలయ్యాయి. గిరిబాబు తోడల్లుడు త్రినాథ్ జవాను, అక్కడే ఉన్నాడు. అతని భార్య దుర్గ, అంటే గిరిబాబు మరదలు, ఆ వీధిలోనే ఉంటుంది. త్రినాథ్ ఫోను మూగబోయింది. దుర్గ అన్నం ముందు కూర్చుని, ఒక్క ముద్దైనా తినకుండా లేచిపోయేది.

ఒక ఉదయం గిరిబాబు భార్య సుహాసిని మర దగ్గరికి పరుగెత్తుకొచ్చింది.

"మర ఆపి బేగి రా! దుర్గ పడిపోనాది!"

వెళ్ళేసరికి దుర్గ వంటింటి గుమ్మంలో గోడకి చేరగిలబడి ఉంది. పక్కన బియ్యం ఒలికిపోయి ఉన్నాయి. దుర్గ తన ఫోను బావ చేతికిచ్చింది. ఊరి గ్రూపులో ఎవరో పెట్టిన వీడియో. చప్పుడు లేదు. మసక మసకగా కొండ, మంచు, ఉన్నట్టుండి మంట. కింద రాసిన మాటలు: 'మన సైనిక పోస్టు పోయింది. ఎవరూ మిగల్లేదు.'

గిరిబాబు తలుపు పట్టుకుని నిలబడ్డాడు. ఆ మంటలో త్రినాథ్ ఎక్కడైనా కనిపిస్తాడేమోనని మళ్ళీ చూశాడు. మళ్ళీ చూశాడు. అప్పుడు కనబడింది, పొగలోంచి తెల్లగా మెరుస్తూ వాలులో దొర్లిపోతున్న స్టీలు కేరేజీ.

"ఒసే దుర్గా! ఇది సినిమాయే!"

దుర్గ కళ్ళెత్తింది. "నన్ను ఊరుకోబెట్టడానికి సెప్తన్నావు బావా."

"నీ మీద ఒట్టు! ఉండు, సూపిస్తాను."

తన ఫోనులో ఆ సినిమా వెతికి తీశాడు. ముందుకీ వెనక్కీ జరిపి జరిపి చివరికి ఆ చోటికి తెచ్చాడు. రెండు ఫోన్లూ పక్కపక్కన పెట్టాడు. అదే కొండ, అదే మంట, అదే కేరేజీ. ఒకదాంట్లో చప్పుడుంది, ఒకదాంట్లో లేదు.

దుర్గ ఏడుస్తుందనుకున్నాడు, లేకపోతే దండం పెడుతుందనుకున్నాడు. ఆవిడ ఆ ఫోను కేసే చూస్తూ మెల్లగా అడిగింది.

"ఇలాటిది డబ్బిచ్చి సూస్తారా బావా?"

గిరిబాబు తన ఫోనులో సినిమా ఆపేశాడు. తను ఈల వేసింది సరిగ్గా ఆ మంట దగ్గరే.

కోపం దాలయ్య మీదకి మళ్ళింది. వీడియో పైనున్న పేరు చూస్తే, గ్రూపులో దాన్ని పెట్టింది అతనే. గిరిబాబు కొట్టు దగ్గరికెళ్ళి చొక్కా పట్టుకున్నాడు.

"నువ్వు నా పక్కనే కూకుని సూసేవు గదరా! గుర్తు పట్నేదా?"

దాలయ్య మొహం పాలిపోయింది. "సౌండు నేదు గదరా గిరీ... ఎవుడో పంపితే నిజమే అనుకున్నాను. నాకూ రాత్రి నిద్ర పట్నేదు."

అబద్ధం చెప్పే మొహం కాదది. గిరిబాబు చొక్కా వదిలేశాడు. తనైనా మొదటిసారి ఏం గుర్తుపట్టాడు? దాలయ్య ఆ పూటే దుర్గ ఇంటికొచ్చి, గుమ్మంలో నిలబడి, "తప్పయిపోనాది తల్లీ" అన్నాడు. దుర్గ అతనికి మంచినీళ్ళిచ్చి లోపలికెళ్ళిపోయింది.

ఆ వారంలోనే త్రినాథ్ ఫోను చేశాడు. దుర్గ మాట్లాడింది తక్కువ, ఏడ్చింది ఎక్కువ. తర్వాత ఫోను గిరిబాబుకిచ్చింది.

"ఎలాగుంది తమ్ముడూ అక్కడ?"

"ఏటుంటాది అన్నయ్యా, సీకట్లోకి సూస్తా కూకోడమే. కళ్ళు మండిపోతన్నాయి. వరినారు పోసేసేరా?"

గిరిబాబు కంగుతిన్నాడు. ఏ యుద్ధం సినిమాలోనూ ఎవడూ నారు సంగతి అడగలేదు.

వానలు తగ్గాక త్రినాథ్ సెలవు మీద వచ్చాడు. చిక్కిపోయాడు. గిరిబాబు అతన్ని ఏదైనా నవ్వులాటల సినిమాకి తీసుకెళ్దామనుకున్నాడు. త్రినాథే టెక్కలిలో పోస్టరు చూసి, "అదే ఎల్దాం" అన్నాడు. యుద్ధం సినిమా. గిరిబాబు మొదటి బాంబుకే ఇతనికేమవుతుందోనని కుర్చీ చివర కూర్చున్నాడు.

హీరో తుపాకీ పట్టుకునే తీరు చూసి త్రినాథ్ కాసేపు కిసుక్కుమని నవ్వాడు. ఇంటర్వెల్లో రెండు సమోసాలు తిన్నాడు. ఆట మళ్ళీ మొదలై, ఫిరంగులు మోగడం మొదలెట్టేసరికి తల ఒక పక్కకి వాల్చి నిద్రపోయాడు. హాలంతా కేకలు, ఈలలు. అతను కదల్లేదు. గిరిబాబు నివ్వెరపోయి చూస్తూ ఉండిపోయాడు, తెరని కాదు, అతన్ని.

లైట్లు వెలిగినా లేపలేదు. ఊడ్చే ఆవిడ చీపురుతో వరసలన్నీ దాటుకుంటూ వాళ్ళ దాకా వచ్చింది.

"ఏటి బావూ, తరవాత ఆటకి కూడా ఉండిపోతారేటి?"

"గట్టిగా మాటాడకమ్మా," అన్నాడు గిరిబాబు. "ముందు ఆ మూల ఊడ్సుకుని రా."