సకాల వర్షములు

మా మేనమామ సాయన్నకు జ్ఞానస్నానంలో పెట్టిన పేరు జోజప్ప. ఆధార్ కార్డులో మాత్రం సాయన్నే. అంటే ప్రభుత్వానికి సాయన్న, పరలోకానికి జోజప్ప. మల్లాపూర్ దగ్గర మా వాడలో ఉన్న చిన్న చర్చికి ఆయనే ఉపదేశి. ఫాదర్ కోరుట్ల నుంచి నెలకోసారి వచ్చి పూజ చేసి వెళ్తారు. మిగతా ఆదివారాలు దేవుడి భారమంతా మామ మీదే.

ఆయనకు కంఠతా వచ్చిన కృతజ్ఞతా జపం ఒక్కటే. వెనకటి ఫాదర్ నేర్పిన కోతల జపం. "సకాల వర్షములు కురిపించి మా కళ్లములను నింపిన తండ్రీ" అని మొదలవుతుంది. పెళ్లయినా, పురుడైనా, కొత్త బండి కొన్నా అదే. ఒకసారి సిలువ గుర్తు వేసుకున్నాడంటే ఆమెన్ దాకా ఆగడు. ఈలోగా వేడన్నం చద్దన్నం అవుతుందని వాడలో అందరికీ తెలుసు.

దేవుడు వరమిచ్చినా పూజారి ఇవ్వడంటారు. మా పూజారిది మాత్రం పెద్ద చెయ్యి. బోరుకు కొబ్బరికాయ కొట్టినవాళ్లు కూడా ఎందుకైనా మంచిదని ఆయన్ను పిలిచి, ఆశీర్వదించిన నీళ్లు చల్లించుకుంటారు. జగపతి రావు దొర బోరులో అట్లాగే నీళ్లు పడ్డాయి. వాళ్ల తాత మా తాతను గడప తొక్కనివ్వలేదు. ఇప్పుడు మనవడు మామకు కుర్చీ వేస్తాడు. కాలం మారిందని మామ మురిసిపోయేవాడు. నాకు ఒళ్లు మండేది.

పోయిన యాసంగి పంటకు మామ ఆ దొర పొలమే రెండెకరాలు కౌలుకు చేశాడు. వడ్లు కొనుగోలు కేంద్రంలో పోస్తే తేమ ఎక్కువుందన్నారు. మామా, అత్త గంగవ్వా తొమ్మిది రోజులు ఎండబోశారు. ఆరు నెలల కష్టం ఆ ఒక్క కుప్ప. పక్కనే దొర కుప్ప. పదో రోజు కాంటా పెట్టి తూకం వేస్తామన్నారు. పొద్దున్నే మబ్బు పట్టింది. దొర కారు దిగాడు.

"సాయన్నా, కాంటా వెట్టేముందు మా వడ్ల మీద జర నీ జపం జెప్పు."

మామ కళ్లు మూసుకున్నాడు. "సకాల వర్షములు" అన్నాడో లేదో, మొదటి చినుకు పడింది.

"ఓ పెద్దమనిషీ, ఆపు నీ జపం! పరద వట్టు, వడ్లు తడుస్తున్నయ్!" అని అత్త అరిచింది.

మామ ఒక కన్ను తెరిచాడు. దొర ఆయన భుజం గట్టిగా పట్టుకున్నాడు. "నడుమల ఆపకురా, అరిష్టం. ఆమెన్ దాంక జెప్పు."

దొర కుప్పను నలుగురు కూలీలు క్షణంలో కప్పేశారు. అత్త ఒక్కతే పరద లాగుతుంటే గాలి దాన్ని రోడ్డు దాకా తీసుకుపోయింది. మామ ఆమెన్ దాకా చెప్పాడు. ఒక్క మాట వదల్లేదు.

"నీ జపం పవరే వేరు సాయన్నా! మాయి ఒక్క గింజ తడువలే" అని దొర మెచ్చుకుని వెళ్లాడు. మామ వడ్లు నాలుగో రోజుకు మొలకెత్తాయి. వాన పడ్డ రోజు నుంచే అత్త ఆయనతో మాట్లాడటం మానేసింది.

ఆ ఆదివారమే కోతల కృతజ్ఞతా ప్రార్థన. ఎవరి పంటలోంచి వాళ్లు ఇంత తెచ్చి పీఠం ముందు పెట్టాలి. అత్త బుట్టనిండా మొలకల వడ్లు తెచ్చి, సరిగ్గా మామ కాళ్ల దగ్గర పెట్టి మోకరిల్లింది.

మామ సిలువ గుర్తు వేసుకున్నాడు. "సకాల..." అని ఆగిపోయాడు. ముప్పై ఏళ్లలో మొదటిసారి. అందరం కళ్లు తెరిచాం. ఆయన బుట్టను చూశాడు, అత్తను చూశాడు. నోట్లో పుస్తకం భాష పోయి ఇంటి భాష వచ్చింది.

"తండ్రీ, నేను పరద వట్టలే. గది నా తప్పు. వాన మాత్రం నీదే. దాని సంగతి గంగవ్వకు నువ్వే జెప్పుకో."

అంతే జపం. దానికి ఆమెన్ అనొచ్చో లేదో మాకెవరికీ తెలియలేదు. నాలుగు రోజులుగా మూసుకున్న నోరు విప్పి, అత్త ఒక్కతే "ఆమెన్" అంది.