ఎవ్దోక్సియా పిన్ని, రెండేళ్ల గడువు

గ్రీసులో మా ఊరు నావుసాలో నేను ఫోన్ల దుకాణం పెట్టి పద్దెనిమిదేళ్లయింది. ఇన్నేళ్లలో జనం నన్ను అడిగేది ఒకటే ప్రశ్న: కాంట్రాక్టు గడువు ఎప్పుడు తీరుతుంది? తీరిన మర్నాడే ఊడిపడతారు. కొత్త ఫోన్ ఏమిస్తావు, ఇవ్వకపోతే ఎదురు దుకాణానికి పోతాను అని నా ప్రాణం తోడేస్తారు. పోండి నాయనా, నేనేమైనా కాళ్లు పట్టుకుని ఆపానా? అలాంటిది, గడువు తీరకుండా ఆపాలంటే ఏం చెయ్యాలని అడిగిన మనిషి ఎవ్దోక్సియా పిన్ని ఒక్కతే.

పిన్ని అంటాను గానీ ఆవిడ నాకు చుట్టమేం కాదు. మా అమ్మ పక్కన నిలబడి ముప్పయ్యేళ్లు పీచ్ పళ్ల డబ్బాల ఫ్యాక్టరీలో పనిచేసింది. బెల్టు మీద పరిగెత్తే పళ్లలోంచి మచ్చ పడ్డవీ పుచ్చినవీ ఏరెయ్యడం ఆవిడ పని. చూపు తగిలితే చాలు, లోపల పురుగుందో లేదో చెప్పేసేది. కన్నకొడుకు విషయంలో మాత్రం ఆ కన్ను పనిచెయ్యలేదు. కాకిపిల్ల కాకికి ముద్దు కదా.

కొడుకు పేరు స్టెర్గ్యోస్. మాటకారి, చేతకాని వాడు. వాడికి పెళ్లి చేస్తే దారిలో పడతాడనుకుంది. బెల్టు దగ్గర తన పక్కనే పనికి కుదిరిన పోలిక్సేని అనే పిల్లని ఒక సీజనంతా గమనించింది. తల్లి లేని పిల్ల, అమ్మమ్మ దగ్గర పెరిగింది. పండుని విసరకుండా మెల్లగా పెట్టే చెయ్యి చూసి ఆ పిల్లని కోడలిగా తెచ్చుకుంది. నేనే చూసి తెచ్చాను అని పెళ్లినాడు ఊరంతా చెప్పుకుంది.

రెండేళ్ల కిందట అక్టోబరులో ముగ్గురూ కలిసి నా దుకాణానికి వచ్చారు. స్టెర్గ్యోస్‌కి ఖరీదైన ఫోన్ మీద మోజు పుట్టింది. వాడు అంతకుముందు రెండు కాంట్రాక్టులు మధ్యలో వదిలేసి పారిపోయాడు కాబట్టి వాడి పేరు కంపెనీ ఒప్పుకోదు. అందుకని కుటుంబ ప్యాకేజీ తల్లి పేరు మీద తీసుకున్నారు. మూడు లైన్లు, కనీస గడువు రెండేళ్లు. సంతకాలయ్యాక నేను ఊరుకోవచ్చు కదా! మీ ముగ్గురినీ ఒకే తాడుతో కట్టేశాను పిన్నీ, రెండేళ్ల దాకా ఎవరూ తప్పించుకోలేరు అన్నాను. అందరూ నవ్వారు. నా నోటికి తాళం ఉండదని మా ఆవిడ ఎప్పుడూ అంటూనే ఉంటుంది.

ఆరు నెలలు తిరక్కుండానే స్టెర్గ్యోస్ థెస్సలోనికి నగరంలో ఇంకొకావిడ ఇంటికి చేరాడు. నంబరు కూడా కొత్తది తీసుకున్నాడు. కోర్టులో విడాకుల కాగితాలు అయిపోయాయి. పోలిక్సేని పక్క ఊరు వేరియాలో గది అద్దెకు తీసుకుని ఒక బేకరీలో పనికి కుదిరింది. లైను మాత్రం అత్త పేరు మీదే ఉండిపోయింది, ఎందుకంటే గడువు లోపల బయటికి రావాలంటే జరిమానా.

రోజూ పొద్దున్న ఎనిమిదింటికి, మొదటి వాయి రొట్టెలు పొయ్యిలోంచి తీశాక, ఆ పిల్ల అత్తకి ఫోన్ చేసేది. పిన్ని కాఫీ పెట్టుకుని, ఫోన్ ఎదురుగా పెట్టుకుని కూర్చునేది. ఏం మాట్లాడుకునేవారంటే ఏమీ లేదు. నిన్న ఏం వండావు, మోకాలు ఎలా ఉంది, అక్కడ వాన పడిందా, ఇవే. స్టెర్గ్యోస్ మాట ఇద్దరూ ఎత్తేవాళ్లు కాదు.

వారం విడిచి వారం ఆదివారం పోలిక్సేని బస్సులో వచ్చేది, ఒక గుండ్రటి రేకు పళ్లెంలో నువ్వుల రొట్టెలు పట్టుకుని. మా ఊళ్లో ఒకరింటి గిన్నె ఇంకొకరింటికి ఖాళీగా వెళ్లదు. ఇంట్లో ఏమీ లేకపోతే రెండు నిమ్మకాయలైనా వేసి పంపాలి. పిన్ని ఆ పళ్లెంలోనే ఆకుకూరా చీజూ పిండి పొరల మధ్య పెట్టి పిటా కాల్చి ఇచ్చేది. ఏడాదిన్నరగా ఆ పళ్లెం ఆ రెండు ఇళ్ల మధ్య తిరుగుతోంది.

మొన్న సెప్టెంబరులో కంపెనీ నుంచి ఉత్తరం వచ్చింది, అక్టోబరు పద్నాలుగున మీ కనీస గడువు ముగుస్తుందని. పిన్ని ఆ ఉత్తరం నాలుగు మడతలు పెట్టి పట్టుకుని నా దగ్గరికి వచ్చింది. దుకాణంలో ఉన్న వాళ్లంతా వెళ్లేదాకా స్టూలు మీద కూర్చుంది. అప్పుడు అడిగింది.

"పద్నాలుగో తారీఖున ఏమవుతుంది ప్రోద్రోమూ?"

"ఏమీ అవదు పిన్నీ. లైను ఎప్పట్లాగే నడుస్తుంది. ఎవరైనా ఇక చాలు అనేదాకా నడుస్తూనే ఉంటుంది."

"ఎవరైనా అంటే?"

"నువ్వైనా, ఆ పిల్లైనా. తన నంబరు తను తీసుకుపోవచ్చు. ఇక జరిమానా ఉండదు."

"ఏ రోజైనా పోవచ్చా?"

పోవచ్చన్నాను. ఆవిడ ఆ ఉత్తరాన్ని మళ్లీ మడిచింది, మళ్లీ విప్పింది. తర్వాత, ఈ గడువుని ఇంకో రెండేళ్లు పొడిగించడానికి ఏం చెయ్యాలని అడిగింది. కాంట్రాక్టు నీ పేరు మీదే ఉంది కాబట్టి నువ్వు సంతకం పెడితే నీ లైనూ ఆ పిల్ల లైనూ కట్టుబడిపోతాయి అని ఉన్న మాట చెప్పాను. ఎందుకని అడిగితే అసలు సంగతి అప్పుడు బయటపడింది. ఆ పిల్ల తనకి ఫోన్ చేసేది ఆ కాగితం వల్లేనని ఇన్నాళ్లూ అనుకుంటోంది ఈ మహాతల్లి!

నాకు ఒళ్లు మండింది. ఏ కంపెనీ అయినా కోడలి చేత అత్తకి ఫోన్ చేయిస్తుందా, ఫ్యాక్టరీలో పీచ్ పళ్లతో పాటు బుర్ర కూడా డబ్బాలో పెట్టి సీలు వేశావా అని కేకలేశాను. ఆవిడకి కోపం రాలేదు.

"కట్టేశానని నువ్వే కదా అన్నావు నాయనా. నా కొడుకు దాని బతుకు అలా చేశాక, నాతో దానికేం పని చెప్పు? దాన్ని మా ఇంటికి తెచ్చింది నేను. ఆ ఎనిమిది గంటల ఫోన్ కూడా లేకపోతే నేను పొద్దున్నే దేనికి లేవాలి?"

నా పరాచికం రెండేళ్లు ఆవిడ గుండెలో కూర్చుందన్నమాట. కాగితం తీసి ముందు పెట్టాను. పెన్ను పట్టుకుంది. పోలిక్సేనికి తెలియకుండా చెయ్యొచ్చా అని అడిగింది. చట్టం ఒప్పుకుంటుంది అన్నాను. పెన్ను కింద పెట్టేసింది.

"వద్దులే. పండుని గట్టిగా పట్టుకుంటే మచ్చ పడుతుంది," అని లేచి వెళ్లిపోయింది.

సంతకమైతే పెట్టలేదు గానీ మనసు ఊరుకుంటుందా? ఆ తర్వాతి ఆదివారం పోలిక్సేని తెచ్చిన పళ్లెం తిరిగి ఇవ్వలేదు. పిటా మాడిపోయిందని ఒకసారి, ఓవెన్ పాడైందని ఇంకోసారి. మా ఆవిడ వాళ్లింటికి వెళ్లినప్పుడు చూసిందట, ఆ పళ్లెం పిండి డబ్బా వెనకాల గోనెగుడ్డ కింద దాక్కుని ఉంది. పళ్లెం తన దగ్గరుంటే, దాని కోసమైనా ఆ పిల్ల మళ్లీ వస్తుందని ముసలమ్మ ఎత్తు. మేమిద్దరం నవ్వుకున్నాం, ఆ తర్వాత నవ్వు రాలేదు.

అక్టోబరు పద్నాలుగున తొమ్మిది దాటగానే వేరియా బస్సు దిగి పోలిక్సేని నేరుగా నా దుకాణంలోకి వచ్చింది. నంబరు తన పేరు మీదికి మార్చుకోవాలంది. నా గుండె జారిపోయింది. ఆ వెంటనే నోరు జారింది. గడువు తీరి పూటైనా కాలేదు, అంత తొందరేం వచ్చింది, ఆ ముసలిది నీ ఫోన్ మీద ప్రాణాలు పెట్టుకుని బతుకుతోంది, మీ కాలం పిల్లలకి విశ్వాసం లేదు అని ఏమేమో అన్నాను. ఆ పిల్ల అంతా విని, స్టూలు లాక్కుని కూర్చుంది.

"తిట్లు అయిపోయాయా అన్నా? ఇంకా ఉంటే కానివ్వు, మధ్యాహ్నం దాకా బస్సు లేదు."

అప్పుడు చెప్పింది. తను ఎవరికి ఎప్పుడు ఫోన్ చేసిందో ఆ పట్టీ బిల్లుతో పాటు నెలనెలా అత్త ఇంటికి వస్తుంది. అత్త దాన్ని విప్పకుండానే సొరుగులో పడేస్తుంది. ఆగస్టులో తల్లి దగ్గరికి వచ్చిన స్టెర్గ్యోస్ ఆ సొరుగు తీసి, ఒక్కొక్క నంబరూ చదివి, ఇదెవరిది అదెవరిది అని ఈ పిల్లకి ఫోన్ చేసి నిలదీశాడట. వదిలేసి పోయిన వాడికి ఇంకా ఈ పెత్తనం! ఇది అత్తకి తెలిస్తే కొడుకుని గుమ్మం తొక్కనివ్వదు, తన మూలంగా తల్లీకొడుకులు విడిపోకూడదని నోరు మూసుకుంది. అందుకే ఈ రోజు కోసం వేళ్లు మడిచి లెక్కపెట్టుకుంటూ కూర్చుంది.

సిగ్గుతో నా తల వంగిపోయింది. కాగితాలు తీశాను. తన ఒక్క లైనేనా అని అడిగితే, కాదు, రెండు లైన్ల కుటుంబ ప్యాకేజీ, రెండేళ్లకి అంది. రెండో లైను ఎవరిదో చెప్పింది. ఆ కాగితంలో, ఖాతాదారుకి ఏమవుతారు అని ఒక వరస ఉంటుంది. భర్త లేదా భార్య, బిడ్డ, తల్లి లేదా తండ్రి, ఇతరులు. కోర్టులో తెగిపోయిన అత్తకి అందులో గడి లేదు. నేను 'ఇతరులు' దగ్గర గీత పెట్టబోయాను. ఆ పిల్ల నా చెయ్యి పట్టుకుని ఒక గడి పైకి జరిపింది.

సరిగ్గా అప్పుడే తలుపు తీసుకుని ఎవ్దోక్సియా పిన్ని వచ్చింది, చేతుల్లో గుడ్డ కప్పిన పళ్లెంతో. మధ్యాహ్నం వేరియా బస్సు డ్రైవరు చేతికిచ్చి పంపుదామని, పైన చిరునామా నా చేత రాయించుకుందామని వచ్చిందట. పోలిక్సేనిని చూసింది, బల్ల మీది కాగితాలు చూసింది. పళ్లెం తెచ్చి బల్ల మీద పెట్టింది. వేడిగా ఉంది, పొద్దున్నే కాల్చినట్టుంది.

"ఎనిమిదింటికి ఫోన్ రాలేదు," అంది. "అర్థమైందిలే తల్లీ. నీ పళ్లెం నీకు ఇచ్చేస్తున్నాను. దాచిపెట్టాను, తప్పే. ఇక నువ్వు నాకేమీ బాకీ లేవు, చల్లగా ఉండు."

బస్సులో పక్కవాళ్ల ముందు మాట్లాడలేక ఫోన్ చెయ్యలేదని ఆ పిల్ల చెప్పబోయి మధ్యలోనే మానేసింది. గుడ్డ తీసింది. పిటాని కింది కాగితంతో సహా ఎత్తి నా కొత్త ఫోన్ల క్యాటలాగు మీద పెట్టేసింది. నూనె కారింది, కారనీ. ఖాళీ పళ్లెంలో మేం నింపిన కాగితం పెట్టి అత్త ముందుకు తోసింది.

"ఖాళీగా పంపకూడదు కదా అత్తా."

పిన్ని కళ్లజోడు తేలేదు. చదవమంది. చదివాను. ఖాతాదారు పోలిక్సేని. రెండో లైను ఎవ్దోక్సియా. ఖాతాదారుకి ఏమవుతారు: తల్లి. పిన్ని ఆ ఒక్క వరసా మళ్లీ చదివించుకుంది. కొంగు లేని మనిషి, రుమాలు కూడా దొరక్క పిటా మీది గుడ్డతోనే మొహం తుడుచుకుంది. పోలిక్సేని లేచి వెళ్లి ఆవిడ భుజం మీద గడ్డం ఆనించింది.

కాసేపటికి పిన్ని నా వైపు తిరిగింది.

"ఎన్నాళ్లకి ఇది?"

"రెండేళ్లకి."

"ఆ తర్వాత?"

"ఏమీ అవదు పిన్నీ. ఎవరైనా ఇక చాలు అనేదాకా నడుస్తూనే ఉంటుంది."

ఆవిడ పోలిక్సేని మొహంలోకి చూసింది. ఆ పిల్ల తల అడ్డంగా ఊపింది.

"నేనూ అనను," అంది పిన్ని. "పెన్ను ఇటివ్వు నాయనా."