చెప్పు రబ్బరు కప్పతో ఐరాల చెరువుకు

పోయిన ఏడు మా ఆయన నన్ను మొదటిసారి చేపల వేటకు తీసుకెళ్లినప్పుడు, బతికున్న కప్పను తొడ దగ్గర గాలానికి గుచ్చడం చూశాను. కొరమీను వేటాడి తినే చేప, కదిలే ఎరనే పట్టుకుంటుందట. ఆ రోజు చేపల కూర నేను ముట్టలేదు. "అయితే ప్రాణం లేని కప్పను నువ్వే చేసియ్యి, దాంతోనే పడతా" అని ఆయన నవ్వారు. "కానీ ఒక్కసారే. చేప పడకపోతే మళ్లీ ఈ మాట ఎత్తగూడదు." సరేనన్నాను. ఈ ప్రయాణం అలా మొదలైంది.

మేముండేది చిత్తూరులో. నా పుట్టిల్లు నగరి, మగ్గాల ఇల్లు. ఐదో తరగతితో బడి మానేసి మగ్గం దగ్గర కూర్చున్నదాన్ని కాబట్టి దారంతో పని నాకు కొత్త కాదు. అరిగిపోయిన హవాయి చెప్పు రబ్బరును బ్లేడుతో కప్ప ఆకారంలో కోశాను. గాలం కాడను అందులో దూర్చి, దారంతో బిగించి, వెనక కాళ్లకు బదులు రెండు కోడి ఈకలు కట్టాను. దారం గట్టిగా నిలవాలని పుట్టింటి అలవాటు కొద్దీ గంజి పూశాను. తేలుతుందో లేదో చూద్దామని వంటింటి గంగాళంలో వేశాను. కప్ప తేలింది, గంజి కరిగి ఈకలు ఊడిపోయి అవీ తేలాయి. అంతలో అత్త వచ్చింది.

"ఏందే అది?"

"కప్ప, అత్తా."

"కప్పా? నా కొడుకు చెప్పు గదే ఇది! తాగే నీళ్లలో చెప్పేసినావా?"

గంగాళాన్ని చింతపండు పెట్టి మూడుసార్లు తోమించింది. తర్వాత గంజి మానేసి, దారానికి కొవ్వొత్తి మైనం రుద్ది ఇంకో రెండు కప్పలు కట్టాను. పెరట్లో బట్టలు నానబెట్టే తొట్టిలో పగలంతా వదిలినా ఒక్క ఈక కూడా కదల్లేదు.

ఆదివారం పొద్దున ఐదున్నరకు చిత్తూరు బస్టాండులో ఐరాల బస్సెక్కాం. టికెట్టు మనిషికి రెండు రూపాయలు. బస్సు కాణిపాకం మీదుగా పోతుంది కాబట్టి సగం మంది గుడికి వెళ్లేవాళ్లే. కండక్టరు మా వెదురు కర్ర చూసి, "అందరూ స్వామికి టెంకాయ తెస్తే నువ్వు గాలం తెచ్చినావేందప్పా!" అన్నాడు. బస్సంతా నవ్వింది. నేను కొంగు అడ్డం పెట్టుకుని, ఐరాల వచ్చేదాకా కిటికీలోంచి చెరకు తోటలే చూస్తూ కూర్చున్నాను.

ఏడు గంటలకు దిగి, బస్సు ఆగేచోట హోటల్లో ఇడ్లీ తిన్నాం. ఇద్దరికీ రూపాయిన్నర అయింది. అక్కడి నుంచి పొలాల గట్ల మీద అరగంట నడిస్తే చెరువు. గట్టు మీద మునెప్ప మామ మా కోసం కాచుకుని ఉన్నాడు. మా ఆయనకు మేనమామ వరస, ఆ చెరువులో చేపలు పట్టడంలో ఆయన్ను మించినవాడు లేడంటారు. పక్కన గుడ్డ కట్టిన కుండ, అందులో కప్పలు.

"ఏదబ్బా, నీ పెండ్లాం చేసిన కప్ప?" అని చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పాడు. "చెప్పుతో మనిషిని కొట్టేది సూసినా గానీ, చెప్పుతో చేపను పట్టేది ఈ పొద్దే సూస్తా ఉండా!"

తామరాకుల పక్కన కప్పను వేసి మా ఆయన కర్రను కొంచెం కొంచెం ఆడించారు. నీళ్లు భళ్లున ఎగిరాయి, కర్ర వంగింది, వెంటనే తేలికైపోయింది. రెండోసారీ అంతే. మూడోసారికి రబ్బరు చినిగి ఆ కప్ప పనికిరాకుండా పోయింది. రెండో కప్పనూ చేప ఒకసారి కరిచి వదిలేసింది.

"ఇంక చాల్లే. మామా, ఆ కుండ ఇట్లియ్యి" అన్నారు మా ఆయన.

మామ కుండకు కట్టిన గుడ్డ విప్పుతున్నాడు. నేను కప్పను తీసి చూశాను. పొట్ట నిండా పళ్ల గాట్లే. గాలం వంపు మొత్తం రబ్బరుతో నిండిపోయి ఉంది. చేప చెప్పునే కరుస్తోంది, మొన దాని నోటికి తగలడం లేదు. మామ ఎదుట నేను అంతవరకూ నోరు తెరిచింది లేదు.

"ఆగండి!" అన్నాను. అనుకున్నదానికంటే గట్టిగా వచ్చింది. ఇద్దరూ తిరిగి చూశారు. "చేప రాక కాదు. రబ్బరు మందంగా ఉండాది. కింద కోయాల. ఇంకొక్కసారి వెయ్యండి."

"ఒక్కసారేనని అనుకున్న్యాం గదా?"

"ఒక్కసారంటే ఒక రోజు గదా. ఇంకా పొద్దు పది గూడా కాలేదే!"

మామ పకపకా నవ్వాడు. "అమ్మికి నోరుండాదబ్బా! ఇయ్యి, కోయనియ్యి."

బ్లేడుతో పొట్ట పలచగా చెక్కాను. తొందరలో వేలు కూడా కాస్త తెగింది. ఈసారి నీళ్లు ఎగిరాక కర్ర వంగి అలాగే ఉండిపోయింది. మా ఆయన మోకాలి లోతు నీళ్లలోకి దిగి లాగితే, నల్లగా మెరుస్తూ మోచేయంత కొరమీను గట్టెక్కింది.

ఆయన కుండ తెచ్చి నా చేతికిచ్చారు. తుంగలో వంచాను. కప్పలన్నీ గెంతుకుంటూ పోయాయి, ఒకటి మాత్రం నా పాదం మీదే కూర్చుంది.

"పోవే, నీ ప్రాణానికి మా అల్లుడి చెప్పు అడ్డమొచ్చినాది!" అని మామ దాన్ని అదిలించాడు.

మధ్యాహ్నం వాళ్లింట్లో సంగటి, చేపల పులుసు. మామ భార్య అడగకముందే నేను రెండోసారి వేయించుకున్నాను. మూడు గంటల బస్సుకు తిరిగొచ్చాం.

మంచి కప్పను కట్టగలనని నాకు ముందే తెలుసు. తెలియనిదల్లా, అది ఎందుకు పనిచేయడం లేదో నలుగురిలో చెప్పగలనా అన్నదే. చెప్పకపోయి ఉంటే, పొరపాటు నాదైనా దానికి బలయ్యేవి ఆ కుండలోవి. ఇప్పుడు మా ఆయన వేటకు వెళ్లేముందు "కప్ప కట్టినావా?" అని అడుగుతారు, నేనూ "ఏ చెరువుకు?" అని అడుగుతాను. మీరూ ఇలా రబ్బరు ఎర చేసుకుని వెళ్లేటట్టయితే ఒక్కటి చూసుకోండి: రబ్బరుకూ గాలం మొనకూ మధ్య మీ చిటికెన వేలు దూరాలి.