ఎత్తు రోడ్డు మీద పాత కారు

గుమాస్తా కారు రెండున్నర లక్షల కిలోమీటర్లు తిరిగి డస్సిపోయింది. ఆ సంగతి ఆయన మాత్రం ఒప్పుకోడు. ఆఫీసు నుంచి రాగానే చొక్కా చేతులు మడిచి, బానెట్ ఎత్తి, దగ్గే మనిషి వీపు నిమిరినట్టు ఇంజిన్ మీద చెయ్యి వేస్తాడు. ఇంటి దారిలో ఎత్తు రోడ్డు వచ్చిందంటే ఏసీ ఆపేసి, అద్దాలు దించి, కారుని తనే నెడుతున్నట్టు స్టీరింగ్ మీదికి వంగుతాడు.

"ముందు క్లచ్ మార్పించండి సార్, అరిగిపోయింది. ముసలి బండికి ఈ సోకులెందుకు?" అని మెకానిక్ మొత్తుకున్నా వినకుండా, బండికి ఊపు పెరుగుతుందని రేసు కార్ల ఎయిర్ ఫిల్టరూ లావుపాటి సైలెన్సరూ పెట్టించాడు. ఆదివారం భార్యను ఎక్కించుకుని ఎత్తు రోడ్డుకి వచ్చాడు.

"ఈసారి ఏసీ ఆపను, చూస్తూ ఉండు."

యాక్సిలరేటర్ తొక్కగానే కారు గర్జించింది. దారినపోయేవాళ్లు తిరిగి చూశారు. సగం ఎత్తు ఎక్కేసరికి క్లచ్ మాడిన వాసన వచ్చింది. ఇంజిన్ గొంతు చించుకుంటోంది, కారు మాత్రం నత్తలా పాకుతోంది. వెనకనుంచి నిండు బస్సు ఒకటి తాపీగా దాటిపోయింది.



"శబ్దం బాగుందండీ," అంది భార్య, ఎత్తిపొడుపేమీ లేకుండా. తనే చెయ్యి చాచి ఏసీ ఆపింది. అద్దం దించుకుని, ఆయనతోపాటు ముందుకి వంగింది.